ఎంగిలి తగలని బొమ్మ

మొన్న సీతమ్మధారలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దవడలో దూది కుక్కి, కాసేపు నోరు తెరవొద్దని చెప్పి, ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఎదురు గోడ మీద కొత్తగా ఒక ఆయిల్ పెయింటింగ్ వేలాడుతోంది. పడవలు, వలలు, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. ఎవరో కుర్ర ఆర్టిస్టు వేసినట్టుంది, చెయ్యి మంచిదే. క్లినిక్‌లో ఊడ్చే అమ్మాయి స్టూలెక్కి, చేతిలో గుడ్డ మీద స్పిరిట్ సీసా వంచి, ఆ బొమ్మని తుడవబోయింది.

నోట్లో దూది సంగతి మరిచిపోయి కేక పెట్టాను. గదిలో ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు.

"ఏటమ్మా, అలగ అరిసేరు? బల్లి గాని పడిందేటి?" అంది ఆ అమ్మాయి స్టూలు మీదే బిగుసుకుపోయి.

"స్పిరిట్ పెట్టకు తల్లీ, రంగు ఊడిపోతుంది" అన్నాను. దూది మధ్యలోంచి ఆమెకి ఏం వినిపించిందో తెలియదు. "దుమ్ము తుడవమన్నారు, తుడుత్తన్నాను. మధ్యన నాకేటి?" అని గొణుక్కుంటూ దిగిపోయింది. డాక్టరు వచ్చి, మీకు పెయింటింగుల గురించి తెలుసా అని మర్యాదగా అడిగాడు. తల ఊపాను. ఆ స్పిరిట్ వాసన, ఆ దూది, ఆ నూనె రంగులు, మూడూ ఒకే గదిలో నాకు ఎదురై ఎన్నేళ్ళయిందో. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పన్ను పీకించుకుని వస్తున్నానని ఆటో అబ్బాయి జాలిపడి గతుకులు తప్పించి నడిపాడు.

మా నాన్న, పెదనాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగాలకని ఈ ఊరు వచ్చినవాళ్ళు. నాన్న ఉద్యోగంలో కుదురుకుని క్వార్టర్స్‌లో కాపురం పెట్టాడు. పెదనాన్నకి మాత్రం ఒకరి కింద కూర్చుని రాయడం పడలేదు. ఓడల్లోంచి దిగే పాత కుర్చీలూ గడియారాలూ చూసి చూసి, పాత ఊళ్ళో ఒక దుకాణం తెరిచాడు. కింద దుకాణం, పైన ఇల్లు. సెలవులిస్తే చాలు, నేను అక్కడే.

ఆ దుకాణంలో బల్లలూ, గాజు దీపాలూ, ఇత్తడి గంటలూ అన్నీ ఉండేవి కానీ పెదనాన్నకి పిచ్చి ఆయిల్ పెయింటింగుల మీదే. దొరలు బంగళాలు ఖాళీ చేసి పోతూ వదిలేసినవి, డబ్బుకి కటకటపడి కెప్టెన్లు ఓడ గదుల్లోంచి తెచ్చి అమ్మినవి, దివాణాల అటకల మీద పాడుపడ్డవి. కడుపులో చిల్లులు పడ్డ జమీందార్లు, ముక్కు పెచ్చు లేచిన దివాన్లు గోడకి ఆనుకుని వరసగా కూర్చునేవారు. లిన్సీడ్ నూనె, గుగ్గిలం, చుట్ట పొగ, తడిసిన పాత గుడ్డ, ఇన్నీ కలిసిన వాసన ఆ దుకాణానిది. అత్తరు దుకాణం ముందు నిలబడ్డా నాకు అంత హాయి కలగలేదు ఎప్పుడూ.

"బొమ్మ కొనేటప్పుడు ముందు వీపు చూడాలి అమ్మడూ" అనేవాడు. "మొహం ఎవడైనా దిద్దుతాడు. వీపు దిద్దాలని ఎవడికీ తోచదు." బొమ్మని తిరగేసి గుడ్డ నేత చూపించేవాడు. మేకులు చేత్తో కొట్టినవో, మిషన్‌లో చేసినవో గోటితో గీకి చెప్పేవాడు. ఆ తరవాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే రంగు గుట్టలు గుట్టలుగా లేచి కనిపించేది. అలా లేవకపోతే అది అచ్చు కాగితం, పైన జిగురుతో కుంచె గీతలు గీసి మోసం చేశారన్నమాట. "ఈ జమీందారు గారు ప్రెస్సులో పుట్టారు" అని పక్కన పడేసేవాడు. నేను విరగబడి నవ్వేదాన్ని.

ఇక మురికి తియ్యడానికి ఆయన వాడే మందు ఉమ్ము. చదివేవాళ్ళు మొహం చిట్లించుకుంటారని తెలుసు, కానీ నిజం. వెదురుపుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడిపి, బొమ్మ మీద దొర్లించాలి. రుద్దకూడదు. ఉమ్ము పైన పట్టిన మురికిని మాత్రమే తీసుకుంటుంది, కింద పూసిన వార్నిష్ జోలికీ రంగు జోలికీ పోదు. అయితే పెదనాన్న చుట్ట కాల్చేవాడు, పొగాకు ఉమ్ము పనికిరాదు. అందుకని ఆ ఉద్యోగం నాకు దక్కింది. పొద్దున్నే పళ్ళు తోముకుని, ఏమీ తినకముందే దూదిపుల్లలు తడిపి ఇవ్వాలి. నోరెండిపోతే ఆయన ఎటో చూస్తూ, "కొబ్బరిమామిడికాయ... చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి..." అనేవాడు. నాకు నోరంతా ఊరిపోయేది. నా ఉమ్ముతో ఆ వేసవిలో ఎందరు దొరల మొహాలు తేటపడ్డాయో! బడి తెరిచాక ఒక మహారాజుగారి ముక్కు మీద ఉమ్మేశానని గొప్పలు పోతే, టీచరు నన్ను బెంచీ ఎక్కించింది. నిజం చెప్పినందుకు శిక్ష అనుభవించానని ఇప్పటికీ నాకు కోపమే.

ఒట్టి దుమ్ముకైతే రొట్టె. బేకరీ రొట్టె మధ్య మెత్తటి భాగం తీసి ఉండలు చేసి బొమ్మ మీద అద్దితే దుమ్ము అంటుకుని వచ్చేది. అంచులు నావి. నేను మెత్తటిది తినేసి అంచులు ఆయనకి ఉంచేదాన్ని. "ఎలకలు బాగా బలిశాయే ఈ మధ్య" అని నా వీపు మీద ఒకటిచ్చేవాడు.

ఈ ఉమ్ము వ్యవహారమంతా మా పెద్దమ్మకి పరమ అసహ్యం. ఆవిడది పద్మనాభం వైపు పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. మడీ తడీ పెద్దగా లేని మనిషే కానీ ఎంగిలి దగ్గర మాత్రం ఒప్పుకునేది కాదు. దూదిపుల్లలు మేడమెట్లు ఎక్కడానికి వీల్లేదు. నేను పైకి వెళ్తే పెరట్లో పుక్కిలించి వెళ్ళాలి.

"ఓసి గుంటా, ఊళ్ళో పెద్దోల్ల మొకాల మీద ఉమ్మేసి, ఇప్పుడు అన్నానికి కూకున్నావేటి? ఎల్లు, కడుక్కురా" అనేది. అని, పుక్కిలించి వచ్చేసరికి వేడన్నంలో నెత్తళ్ళ చేపల పులుసు వేసి ఉంచేది.

మేడ మీద ఒకే ఒక్క ఆయిల్ పెయింటింగ్ ఉండేది. అది అక్క బొమ్మ. పెదనాన్నా పెద్దమ్మల ఒక్కగానొక్క కూతురు. నేను పుట్టకముందే జ్వరం వచ్చి పోయింది. పావడా జాకెట్టు, రెండు జడలు, కుర్చీ చేతి మీద ఆనించిన చెయ్యి. కళ్ళు మాత్రం సూటిగా మనల్నే చూసేవి. ఏదో అడగబోయి ఆగినట్టుండేవి. గదిలో ఎటు తిరిగినా నన్నే చూస్తోందని నేను చిన్నప్పుడు మంచం కింద దూరి పరీక్షించాను కూడా. పెద్దమ్మ రోజూ దానికి బొట్టు పెట్టి, ముందు దీపం పెట్టి, సాంబ్రాణి వేసేది.

పెదనాన్న ఆ గదిలోకి వస్తే తల దించుకుని వచ్చి, తువ్వాలు తీసుకుని, తల దించుకునే వెళ్ళిపోయేవాడు. అంత పెద్ద పారఖీ, ఊళ్ళో ఎవరింట్లో బొమ్మ ఉన్నా తిరగేసి మరీ చూసే మనిషి, ఆ బొమ్మని ఎన్నడూ దగ్గరగా చూడలేదు. కారణం అందరికీ తెలుసు. అక్క పోయినప్పుడు ఆయన ఊళ్ళో లేడు. ఒరిస్సా కొండల్లో ఏదో ఎస్టేటు పెయింటింగులు అమ్ముతున్నారంటే చూడ్డానికి వెళ్ళాడు. కబురు అందలేదు. బేరం తెముల్చుకుని ఇంటికి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అక్కకి బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించలేదు. ఆయన స్నేహితుడు ఒక పెయింటరు ఉండేవాడు, పెద్దమ్మ చేతి చేపల పులుసు కోసం తరచూ వచ్చేవాడు, అక్క ఆయన ఒళ్ళోనే ఆడుకునేది. ఆయనే జ్ఞాపకం మీద ఆ బొమ్మ వేసి ఇచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. నాకు ఊహ తెలిసేసరికి ఆయనా లేడు.

మా పాత ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు, పోర్టు నుంచి బొగ్గుదుమ్మో ఇనప దుమ్మో వచ్చి వాలుతుంది. దానికి రోజూ దీపం పొగ, సాంబ్రాణి, సముద్రపు చెమ్మ. నాకు పదేళ్ళు వచ్చేసరికి అక్క బొమ్మ తారు పూసినట్టయింది. పావడా ఏ రంగో తెలిసేది కాదు. కళ్ళు ఉన్నచోట రెండు మెరుపులు మాత్రం కనిపించేవి.

ఆ ఏడు పెదనాన్న కళ్ళల్లో శుక్లాలు మొదలయ్యాయి. వానలు పట్టిన రోజుల్లో ఒకనాడు అన్నం తింటూ తింటూ ఆగి, "ఇదిగో, ఒక మాట" అన్నాడు పెద్దమ్మతో. "నా చూపు తగ్గిపోతోంది. ఉన్న చూపుతో దాని మొహం ఒక్కసారి తేటగా చూసుకోవాలనుంది. బొమ్మ దింపి శుభ్రం చేస్తాను."

పెద్దమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "వొద్దండి. ఎంగిలి తగల్నివ్వను. బొట్టెట్టి దండం ఎడుతున్నాను దానికి. ఈ గుంట ఉమ్ము దాని మొకానికి రాత్తారేటి?"

"దీనిదీ దానిదీ ఒకటే రక్తం కదే."

"ఏదైనా ఎంగిలి ఎంగిలే. ఒగ్గేయండి."

అంతకుముందు కూడా ఆయన ఒకటి రెండుసార్లు అడగడం, ఆవిడ ఎంగిలి అనగానే వెనక్కి తగ్గడం నాకు తెలుసు. కానీ ఈసారి తగ్గలేదు. రెండు మూడు రోజులు ఆలోచించుకుని, "ఎంగిలి వద్దులే. స్పిరిట్టూ టర్పెంటైనూ కలిపి చేస్తాను. పాత వార్నిష్ కూడా పసుపెక్కిపోయింది, దాన్నీ తీసేసి కొత్తది పూస్తే మొహం తేటపడుతుంది. స్పిరిట్ కంటే శుభ్రమైంది ఏముంది? ఆస్పత్రిలో సూదిమందు ఇచ్చే ముందు రాసేది అదే" అన్నాడు.

పెద్దమ్మ మొహం తెల్లబోవడం నేను చూశాను. భక్తి వల్ల భయపడుతోందనుకున్నాను. "మెల్లిగా సెయ్యండి. కళ్ళ జోలికి మాత్రం ఎల్లకండి" అంది చివరికి.

"కళ్ళు చూసుకోడానికే కదే ఇదంతా" అన్నాడు పెదనాన్న.

మంచిరోజు చూసి, పెద్దమ్మ తలంటుకుని, తన చేత్తోనే బొమ్మ మీద బొట్టు తడిగుడ్డతో తీసింది. కిటికీ పక్కన బల్ల మీద దుప్పటి పరిచి బొమ్మని పడుకోబెట్టారు. ఆ వేళ నా ఉమ్ముతో పని లేదు. దూదిపుల్లలు చుట్టి అందివ్వడమే. స్పిరిట్ వాసనకి ముక్కు మండుతున్నా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.

పెదనాన్న కింది మూల నుంచి మొదలుపెట్టాడు. దూది ముందు నల్లగా వచ్చింది, తరవాత బెల్లం పాకం రంగులో వచ్చింది. ఆ కింద నుంచి చిలకపచ్చ రంగు బయటపడింది.

"అగ్గో! అదే పావడా!" అని పెద్దమ్మ ఒక్క అరుపు అరిచింది. "అది నానే కుట్టినాను. కింద రెండు మడతలెట్టినాను, పొడుగవుతాదనీసి."

నిజంగానే రెండు మడతలున్నాయి. పెదనాన్న వంగి వాటిని చూసి నవ్వాడు. ఆ గదిలో ఆ బొమ్మ ముందు ఆయన నవ్వడం నేను మొదటిసారి చూశాను. తరవాత చెయ్యి తేటపడింది, మట్టిగాజులు కనిపించాయి, జడ రిబ్బను ఎర్రగా తేలింది. ఒక్కొక్కటి బయటపడుతుంటే ఇద్దరూ చిన్నపిల్లల్లా ఒకరికొకరు చూపించుకున్నారు. పెద్దమ్మ భయం కూడా పోయినట్టే ఉంది. లేచి టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి వెళ్ళింది.

పెదనాన్న నుదురు తుడిచాడు, చెంపలు తుడిచాడు. ఎడమ కంటి మీద దూది దొర్లించాడు. దూదికి పాకం రంగు, దాని మీద నలుపు అంటింది. "ఎంత పొగ పట్టిందే తల్లీ" అనుకుంటూ ఇంకో పుల్ల తీసుకున్నాడు. అది కూడా నల్లగా వచ్చింది. కాస్త తెలుపు కూడా అంటింది. అప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయింది.

నేను ఆయన భుజం మీంచి చూశాను. అక్క ఎడమ కన్ను మూసుకుని ఉంది. చెరిగిపోయిన కన్ను కాదు. కింద చక్కగా వేసిన రెప్ప, రెప్ప అంచున వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. కుడి కన్ను మాత్రం ఎప్పటిలా మమ్మల్ని చూస్తోంది.

"ఏమే" అన్నాడు పెదనాన్న. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు.

పెద్దమ్మ వచ్చి చూసింది. చేతిలో టీ గ్లాసులు అలాగే కింద పెట్టి, బల్లకోడు పట్టుకుని నేల మీద కూలబడింది.

"ఇదేంటే? కింద ఇంకో కన్నుంది. ఇది ఎవరు వేశారు?"

పెద్దమ్మ బల్లకోడు వదలకుండానే చెప్పింది. "పెయింటరు బాబు ఊహించి ఏయనేదండి. పోటో ఉండీది."

"దానికి ఫోటో ఎక్కడిది?"

"పోనాక తీయించినాను. మీరొచ్చేసరికి ఏటీ మిగలదు గదా, సూసుకోడానికి ఏదోటి ఉండాలనీసి. స్టూడియో ఆయన్ని పిలిపించి, ఆ పావడా కట్టి, జడలేసి, కుర్సీలో కూకోబెట్టినాను. పక్కకి ఒరిగిపోతంటే ఎనకనుంచి నానే అట్టుకున్నాను." ఆవిడ ఏడవడం లేదు. బల్లకోడుకే చెబుతున్నట్టు చెబుతోంది. "పెయింటరు బాబు అది సూసి ఉన్నదున్నట్టు ఏసీనాడు. వార్నీసు కూడా పూసీనాడు. నాను ఎల్లి సూసినాను. ఓలమ్మ, మీరిది ఎలగ సూత్తారు? కళ్ళు తెరిపించు బాబూ అనీసి కాళ్ళట్టుకున్నాను. వార్నీసు మీదే ఏసీనాడు. పక్కన కూకోని, ఎలగుంటాయో నానే సెప్పినాను. ఆయన ఏడుత్తా ఏసినాడు. పోటో పొయ్యిలో ఎట్టేసినాను."

వార్నిష్ మీద వేసిన రంగు వార్నిష్‌తోనే లేచిపోతుంది. నా ఉమ్ముతో తుడిచి ఉంటే పైన మసి పోయేది, కళ్ళు ఉండేవి. ఈ సంగతి ఆ గదిలో పెదనాన్నకే తెలుసు. పెద్దమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ నువ్వొక్కదానివే చూశావా?" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది పెద్దమ్మ. ఆయన కూడా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నన్నెవరూ ఊరుకోబెట్టలేదు.

కాసేపటికి పెదనాన్న లేచి మొహం కడుక్కుని, కిందికి వెళ్ళి రంగులూ సన్న కుంచే తెచ్చాడు. "మళ్ళీ వేస్తాను. అప్పుడు చెప్పావు కదా, ఇప్పుడూ చెప్పు. ఎలా ఉండేవి?"

పెద్దమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఆలోచించింది. "నాకు తెల్దు" అంది. "అసలుయి గురుతు రాటం నేదండి. ఈ బొమ్మలోయే గురుతున్నాయి. రోజూ ఈటినే సూసినాను గదా." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న భయం నాకు ఇంకా వినిపిస్తుంది. "మీకు గురుతుందా?"

పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నన్ను చూశాడు. నాలో అక్క పోలికలున్నాయని అందరూ అనేవారు. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని మొహం వెలుగుకి తిప్పాడు. శుక్లాలు కమ్మిన కళ్ళతో నా కళ్ళలోకి చాలాసేపు చూశాడు. కుంచె రంగులో ముంచాడు. నేను రెప్ప వెయ్యకుండా కూర్చున్నాను. నా కళ్ళు ఇస్తే అక్క లేచి చూస్తుందని నిజంగా అనుకున్నాను.

పెద్దమ్మ లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "వొద్దండి. ఇయి దీని కళ్ళు. బతికున్న పిల్ల కళ్ళు దానికెట్టకండి." నన్ను కుర్చీలోంచి లాగి తన వెనక్కి నెట్టుకుంది. "ఆ రెండోది కూడా తీసేయండి. అలగ ఒంటి కన్నుతో ఉంచకండి దాన్ని."

పెదనాన్న కొత్త దూది చుట్టమని నాకు సైగ చేశాడు. నేను చుట్టింది వదులై ఊడిపోతే ఆయనే చుట్టుకున్నాడు. బొమ్మ మీదికి వంగి, ఎడమచేత్తో దాని తల పక్కన ఆనుకుని, కుడి కన్ను మెల్లగా తుడిచాడు. రెప్ప కిందికి దిగింది. కూతురు పోయిన రోజు తన చేతుల మీదుగా జరగాల్సిన పని ఆయన అలా చేశాడు. అయ్యాక పెద్దమ్మ కుంకుమ భరిణె తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన బొట్టు పెట్టాడు.

దూదిపుల్లలు నేను ఊడ్చి పారేయబోతే పెద్దమ్మ ఆపింది. నలుపూ తెలుపూ అంటిన దూదులన్నీ ఏరి ఒక కంచు గిన్నెలో వేసి గుడ్డ కప్పింది. మర్నాడు తెల్లవారుతుండగా ముగ్గురం సముద్రం దగ్గరికి వెళ్ళాం. హార్బరులోకి వెళ్ళే ఓడ ఒకటి దూరంగా నిలబడి ఉంది. పెదనాన్న నడుం లోతు నీళ్ళలోకి వెళ్ళి, గిన్నె వంచి, మూడు మునకలు వేశాడు. దూదులు వెంటనే మునగలేదు. కాసేపు నురగలో నురగలా తేలి, తరవాత కనిపించలేదు.

ఒడ్డుకి వచ్చాక పెద్దమ్మ తన కొంగుతో ఆయన తల తుడిచింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆ మనిషి నలుగురిలో అలాంటి పని చేసి ఉండదు. ఆయన తల వంచి తుడిపించుకుంటూ అడిగాడు. "చూడలేననే అనుకో. పోనీ తరవాతైనా ఎప్పుడో చెప్పొచ్చు కదే. నాకెందుకు చెప్పలేదు?"

"అదే సెప్పొద్దన్నాది" అంది పెద్దమ్మ.

పెదనాన్న తలెత్తాడు.

"జొరం బాగా ఎక్కువైనప్పుడు, మీకు కబురెడతానన్నాను. నాన్నకి సెప్పకమ్మా, బయపడిపోతాడు అన్నాది. అలగేలే, సెప్పనులే అన్నాను. అదే ఆకరి మాట. మరింకేటీ మాటాడనేదు." కొంగు పిండుకుంటూ, "మాటిచ్చీసినాను గదండీ" అంది.

పెదనాన్న తడి ఇసకలో కూర్చుండిపోయాడు. కబురు అందలేదని అందరం అనుకునేవాళ్ళం. అది బయలుదేరనే లేదని మాకు అప్పుడు తెలిసింది. నేను ఖాళీ గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఎండ వచ్చేదాకా అక్కడే ఉన్నాం.

తరవాత ఆయన కంటి ఆపరేషన్ చేయించుకోలేదు. చేయించుకోమని మా నాన్న ఎంత పోరినా, చూడాల్సింది చూశానులే అనేవాడు. చూపు పూర్తిగా పోయాక కూడా రోజూ పొద్దున్న గోడ తడుముకుంటూ వెళ్ళి అక్క నుదురు వెతికి బొట్టు పెట్టేవాడు. ఒక్కోసారి అది చెంప మీద పడేది. పెద్దమ్మ చూసి కూడా సరిచేసేది కాదు. దుకాణం పోయింది, ఆ వీధి పోయింది, ఇప్పుడు అక్కడ ఏ మేడ ఎవరిదో నాకే తెలియదు. వాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు.

ఆ బొమ్మ నా దగ్గరే ఉంది. ఎండ తగలని గోడకి పెట్టాను, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులుపుతాను, ఇంకేమీ తగలనివ్వను. ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరండీ ఈ పాప అని అడుగుతారు. మా అక్క అంటాను. నా మనవరాలి కంటే చిన్నగా ఉన్న పిల్లని అక్క అంటే వాళ్ళు ఒకసారి నన్నూ ఒకసారి బొమ్మనీ చూస్తారు. ఎంత బాగా నిద్రపోతోందండీ అంటారు. అవునండీ అంటాను. ఇన్నేళ్ళయినా అది నిద్ర కాదని చెప్పడానికి నాకు నోరు రాదు.